కడగని గిన్నె

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఫిజిక్స్ చదివిన నేను తెనాలి నుంచి రోజూ రైలెక్కి వచ్చి, బాపట్లలో ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో రొయ్య పిల్లల పేగులు చూస్తూ కూర్చునేదాన్ని. నవ్వకండి. ఆ వయసులో రొయ్య ఒళ్ళు గాజులా ఉంటుంది. మైక్రోస్కోప్ కింద పెడితే పేగు పిండుకోవడం, లోపల బాక్టీరియా కొట్టుకుపోవడం అన్నీ కనిపిస్తాయి.

నా థీసిస్ గైడ్ మా మేడమ్‌ది ఒకటే పాట: "అవేం తింటాయో బయాలజీవాళ్ళు చూసుకుంటారు. ఏది దేన్ని తోస్తోందో నువ్వు చూడు."

మేం తీసుకున్నవి రెండు రకాల బాక్టీరియా. ఒకటి ముద్దలు కడుతుంది, రెండోది విడివిడిగా ఈదుతుంది. కొన్ని గిన్నెల్లోని పిల్లలకు ముద్దల రకం ఒక్కటే ఇచ్చాను, మిగతావాటికి రెండూ కలిపి ఇచ్చాను. ప్రయోగం సాగే రెండు రోజులూ వేటికీ మేత వేయకూడదు. రెండూ కలిసిన పేగుల్లో ప్రతిసారీ ముద్దలు మాయమయ్యేవి. ఈదేదే వాటిని తరిమేస్తోందని తేల్చేశాను. మేడమ్ మెచ్చుకున్నారు. నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

థీసిస్ ఇవ్వడానికి వారం ఉందనగా, గాజుసామాను కడిగే అక్క నా బల్ల దగ్గర ఆగింది. ఆవిడ రేపల్లె నుంచి చెరుకుపల్లి మీదుగా బస్సులో వచ్చేది.

"ఏంటమ్మా, ఈ గిన్నెలకే అడుగున మేత అంటుకుంటోంది? ఆ మిగతా గిన్నెలకి ఉండట్లేదండి."

అప్పుడు గుర్తొచ్చింది. రెండు రకాలూ ఇచ్చిన పిల్లలు నీరసంగా కనిపిస్తే, పాపమని చిటికెడు మేత వేసేదాన్ని. మా ఇంట్లో ఎవరు డీలాగా కనిపించినా ముందు కంచం పెడతారు, ఆ అలవాటు. నోట్‌బుక్‌లో రాయను కూడా లేదు. మేత పడితే పేగు గట్టిగా పిండుతుంది. ముద్దల్ని బయటికి నెట్టింది అదేనేమో!

గిన్నెలు కడిగేస్తే ఇక ఎవరికీ తెలియదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ పూటంతా నోరు మెదపలేదు. సాయంత్రం బస్సుకు బయల్దేరుతూ అక్క ఒక గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది.

"మేడమ్‌గారికి చూపిస్తారు కదా అని ఇది కడగలేదండి."

నేను దాచేస్తానన్న ఊహే ఆవిడకు రాలేదు. గిన్నె పట్టుకుని మేడమ్ గదికి వెళ్ళి అంతా చెప్పేశాను. మేడమ్ గిన్నె అందుకుని, అడుగున అంటుకున్న మేతను గోటితో గీకి చూశారు.

"అన్నీ మళ్ళీ మొదలుపెట్టు. ఈసారి మేత వేసి కొన్ని, వేయకుండా కొన్ని."

అలా చేస్తే తేలింది, ముద్దల్ని తోసింది మేతే. థీసిస్‌కి ఇంకో ఏడాది పట్టింది. మొదటి పేజీలో కృతజ్ఞతల్లో మొదటి పేరు అక్కదే రాశాను. చూపిస్తే కంగారుపడిపోయింది.

"నేనేం చేశానమ్మా? ఒక గిన్నె కడగలేదు, అంతేగా!"