సంగీతం పీరియడుకు ఎనభై ఒక్క శాతం

కొంప ముంచడానికి వరదే రానక్కర్లేదు, అరవై మూడు కాగితపు చీటీలు చాలు. నేను ముంచాను కాబట్టి చెబుతున్నాను. పన్నెండేళ్ల కిందట ముదలియార్‌పేట అనే తమిళ ఊళ్లో ఒక ఎలిమెంటరీ స్కూలు ఆఫీసులో కూర్చుని, స్కేలు పెట్టి గీతలు గీసి మరీ, ఒక సంగీతం టీచరమ్మ ఉద్యోగాన్ని నీళ్లలోకి తోశాను. అదీ ఆమెకు మేలు చేస్తున్నాననుకుంటూ.

నేను ఆ స్కూలు గుమాస్తాని. చదివింది పదో తరగతి. లెక్కలు మాత్రం ఎవరూ నేర్పకుండానే, జలుబు పట్టినట్టు పట్టాయి. మా ఇంటి నుంచి స్కూలుకు వెయ్యిన్నూట పన్నెండు అడుగులు. వాన పడితే గుంటలు తప్పించడానికి మరో నలభై. పెళ్లిలో అందరూ మా మీద అక్షింతలు వేస్తుంటే నేను పందిరి రాటలు లెక్కపెడుతున్నానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. (పదహారు.)

స్కూల్లో పది సెక్షన్లు, పదిమంది క్లాసు టీచర్లు. ఆ పదింటికీ కలిపి సంగీతానికీ డ్రాయింగుకీ ఒక్కరే టీచరు: ఎస్. సరోజ. నాకు సరోజ అక్క. మా పక్క వీధే, ఇంట్లో మాలాగే తెలుగు. పొద్దున పాట నేర్పుతుంది, మధ్యాహ్నం బొమ్మ. అప్పటికి పద్నాలుగేళ్ల సర్వీసు. కానీ పోస్టు పర్మనెంటు కాదు. ఏడాదికోసారి విద్యాశాఖ ఆఫీసు పొడిగిస్తే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఆమె ఇల్లు నడిచేది ఆ పొడిగింపు మీదే.

ఇంకో సంగతి చెప్పాలి. ఒక టీచరు ఇంకొకరి పీరియడు తీసుకోవాలంటే నాకు చీటీ రాసివ్వాలి. అది నేను పెట్టిన పద్ధతి. చీటీలో నాలుగు గడులు: పేరు, క్లాసు, కావలసిన పీరియడు, కారణం. ఆ నాలుగో గడిని కాస్త గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

ఒక బుధవారం విద్యాశాఖ నుంచి ఉత్తరం వచ్చింది. మీ టీచర్లు సంగీతాన్నీ చిత్రలేఖనాన్నీ ఎలా చూస్తున్నారో రాసి పెట్టండి, శుక్రవారం ఆఫీసరు వస్తారు అని. మా హెడ్‌మిస్ట్రెస్ లలిత మేడం దాన్ని నా బల్ల మీద పడేసింది. ఆమెది బజారులో బట్టల కొట్టు వాళ్ల కుటుంబం, ఆమెదీ తెలుగే.

"దామూ, పదిమందినీ అడిగి ఏదో ఒకటి రాసెయ్ అప్పా. నాకు పరీక్ష పేపర్లుండాయి."

"అడిగితే అందరూ మంచిమాటే చెప్తారు మేడం. అది లెక్కలోకి రాదు."

"మరి ఏంది లెక్కలోకి వచ్చేది?"

"చీటీలు! మనిషి నోరు అబద్ధమాడినా చీటీ ఆడదు."

చూశారా ఆ పొగరు! పిచ్చోడి చేతిలో రాయి ఉంటే ఒక తలే పగులుతుంది. లెక్కలోడి చేతిలో పట్టిక ఉంటే స్కూలంతా పగులుతుంది.

ఆ టర్ములో వచ్చిన చీటీలు అరవై మూడు. మూడో గడి చూస్తూ కుప్పలు పెట్టాను. సంగీతం ఇరవై తొమ్మిది, డ్రాయింగు ఇరవై రెండు, ఆటలు తొమ్మిది, మిగతావన్నీ కలిపి మూడు. రెండుసార్లు కూడాను, ఒకసారి కింది నుంచి పైకి కూడాను. సంగీతం, డ్రాయింగు కలిపితే యాభై ఒకటి. నూటికి ఎనభై ఒకటి! నాకు ఒళ్లు పులకరించింది. మా టీచర్లు పాట కోసం, బొమ్మ కోసం ఇంతగా కొట్టుకుంటున్నారా? పాపం, పైకి చెప్పుకోరు కానీ లోపల ఎంత కళాతృష్ణ!

నాలుగో గడి చదవలేదా అంటారేమో. కారణాలను కూడలేం, తీసివేయలేం, శాతం కట్టలేం. అందుకని వదిలేశాను.

గుండ్రటి బొమ్మ గీసి, ఎనభై ఒక్క శాతానికి పసుపు రంగు వేశాను. మేడం చదవకుండానే సంతకం చేసింది.

శుక్రవారం ఆఫీసరు వచ్చారు. సన్నటి మనిషి, చేతిలో గొడుగు. ఆయన మాట్లాడింది తమిళం, మీ కోసం తెలుగు చేస్తున్నాను. బొమ్మ చూసి నవ్విన నవ్వుకు మాత్రం తర్జుమా అక్కర్లేదు.

"పదిమంది క్లాసు టీచర్లూ సంగీతం పీరియడు మాకు కావాలంటున్నారా?"

"అవును సార్. పోటీ పడి అడుగుతున్నారు."

"తామే తీసుకుంటున్నారా?"

"తామే సార్. ఏ వారమూ వదలరు."

"భేష్! ఇన్ని స్కూళ్లు తిరిగాను, ఇంత ఆసక్తి యాడా చూడలేదు." ఆయన కలం తీశారు. నేను మెప్పు రాస్తారనుకుని మెడ చాచాను. "అయితే వీళ్లకు వేరే సంగీతం టీచరెందుకు? ఈ ఏడాదితో ఆ పోస్టు ఆపేద్దాం. సోమవారం పొద్దున వచ్చి మీ క్లాసు టీచర్ల పాఠం కళ్లారా చూస్తాను. చూశాక సంతకం పెడతాను."

నా మెడ చాచినచోటే ఉండిపోయింది, కొక్కేనికి వేలాడే సంచీలాగా.

సాయంత్రానికి స్కూలంతా తెలిసిపోయింది. సరోజ అక్క శ్రుతిపెట్టె చంకలో పెట్టుకుని ఆఫీసులోకి వచ్చింది. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"ఏంది దామూ నువ్వు చేసింది?"

"అక్కా, నీ సబ్జెక్టుకు ఎంత గిరాకీ ఉండాదో చూపించాలని..."

"గిరాకీనా? పద్నాలుగేండ్లుగా నా పీరియడ్లు పీక్కుంటా ఉండారని నేను ఏడుస్తా ఉంటే, దాన్ని ప్రేమ అని లెక్క కట్టినావా? యాడ ఆ చీటీలు? తియ్యి. నాలుగో గడి చదువు. గట్టిగా చదువు."

చదివాను. "పోర్షన్ ముగించాలి." "టెస్టు ఉంది." "పోర్షన్ ముగించాలి." "భాగహారం రాలేదు." "పాటే కదా." "పాటే కదా." "బొమ్మే కదా."

"ఎన్ని ఉండాయి, 'కదా'లు? నీకు లెక్కపెట్టేది బాగా వచ్చు కదా!"

పంతొమ్మిది. జీవితంలో మొదటిసారి ఒక అంకె పైకి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అప్పటికి అర్థమైంది. టైంటేబుల్లో ఆ పీరియడ్లు ఉన్నది పాటకు కాదట, మిగతా పాఠాలు ఇంట్లో పట్టకపోతే వాడుకునే పెరడట. అందితే సంగీతం పీరియడు, అందకపోతే డ్రాయింగు పీరియడు. అందరికన్నా ఎక్కువ చీటీలు నాలుగో తరగతి జయపాల్ సారువి, పదిహేడు. ఆయనే ఇప్పుడు గుమ్మంలో నిలబడి చెమటలు కక్కుతున్నాడు.

"ఏం దాము, నేను పాడల్నా?"

"సోమవారం ఒక్కరోజే సార్."

"నేను తాలాట్టు పాడితే నా కూతురు నిద్రపోకుండా ఏడ్చేది అప్పా! మార్కు లేదు, పరీక్ష లేదు, దీనికి పోయి ఆఫీసరా?" అని సరోజ అక్కను చూసి గొంతు తగ్గించాడు. "తప్పుగా అనుకోవద్దు టీచర్. పాటే కదా అని..."

"రాసినారులే సార్," అంది అక్క. "పదకొండు తూర్లు రాసినారు."

లలిత మేడం నన్ను పక్కకు పిలిచింది. "సంతకం నాది, బుద్ధి నీది. పోతే ఇద్దరమూ పోతాం. సోమవారం నోరు తెరవద్దు."

శనివారం, ఆదివారం నేను తిన్న ఇడ్లీలు మొత్తం రెండు. నిజం చెబితే తప్పుడు నివేదిక ఇచ్చినందుకు నా పని, మేడం పని అయిపోతుంది. చెప్పకపోతే సరోజ అక్క పని అయిపోతుంది. ఎటు కూడినా ఒకరు తీసివేతే. ఆదివారం ఆమె ఇంటి ముందు నుంచి మూడుసార్లు నడిచాను. మూడుసార్లూ లోపల పాట ఆగిపోయింది. నన్ను చూసి ఆపిందో, పాడబుద్ధి కాక ఆపిందో, అడిగే ధైర్యం లేకపోయింది.

సోమవారం స్కూలుకు పడిన అడుగులు వెయ్యిన్నీ నాలుగు వందలు. కాళ్లు అంత చిన్నచిన్నగా పడ్డాయి. అరవై మూడు చీటీలూ చొక్కా జేబులో కుక్కుకున్నాను. చూసేవాళ్లకు గుండె వాచినట్టుంది.

ఆఫీసరు తిన్నగా జయపాల్ సారు క్లాసులోకి వెళ్లారు. వెనక మేడం, ఆమె వెనక సరోజ అక్క, అందరి వెనక నేను. జయపాల్ సారు గొంతు సవరించుకున్నాడు. ఇంకోసారి సవరించుకున్నాడు. ఎనిమిదిసార్లు సవరించాక ఒక వరస ఎత్తుకున్నాడు. ఆ వరస గోడ మీద బల్లిలా కాస్త పైకి పాకి, టప్పున కింద పడింది. పిల్లలు నోళ్లు తెరిచి చూస్తున్నారు. ఆయన చేతికి తెలియకుండానే సుద్దముక్క దొరికింది. ఏళ్ల అలవాటు ఊరికే పోతుందా?

"సరి, పుస్తకం తియ్యండి. భాగహారం."

నలభై పుస్తకాలు ఒక్కసారిగా తెరుచుకున్నాయి. అవన్నీ లెక్కల పుస్తకాలే.

ఆఫీసరు ముందు బెంచీలో రెండు జడల పాప దగ్గర వంగారు. "ఏమ్మా, సంగీతం పీరియడులో సారు ఏం నేర్పుతారు?"

"భాగహారం సార్."

"డ్రాయింగు పీరియడులో?"

"భిన్నాలు సార్," అని, మంచి మార్కు పోతుందేమోనని భయపడి, "ఆటల పీరియడులో ఎక్కాలు సార్" అని కూడా చెప్పేసింది.

ఆఫీసరు గొడుగు నా వైపు తిరిగింది. "ఎనభై ఒక్క శాతం?"

మేడం కళ్లు నోరు తెరవద్దన్నాయి. సరోజ అక్క కళ్లు నేల చూస్తున్నాయి. జేబులోంచి చీటీలు లాగాను. సగం కింద పడ్డాయి. పడినవి పడినట్టే ఉండగా, చేతిలో ఉన్నవాటి నాలుగో గడులు వరసగా చదివాను. "పోర్షన్ ముగించాలి... టెస్టు ఉంది... పాటే కదా..." చివర "తప్పు చీటీలది కాదు సార్, మేడంది కూడా కాదు. కూడికను నమ్మి కారణం చదవని నాది" అన్నాను. గొంతు జయపాల్ సారు వరసలాగే ఉంది.

ఆఫీసరు కింద పడిన చీటీలను గొడుగు కొనతో ఒక్కొక్కటే తిప్పి చదివారు. నేను ఫ్యాను తిరుగుళ్లు లెక్కపెట్టబోయి మానేశాను. ఆఖరికి ఆయన శుక్రవారం రాసిన కాగితం తీసి అడ్డంగా కొట్టేశారు. పోస్టు ఉంటుంది. సంగీతానికీ డ్రాయింగుకీ ఇక చీటీ చెల్లదు. "ఆ పీరియడ్లు నిజంగా జరుగుతున్నాయో లేదో ఈ టర్మంతా ఈయనే లోపల కూర్చుని చూడాలి" అని గొడుగుతో నన్ను చూపించి వెళ్లిపోయారు.

అలా మర్నాడే ముప్పై తొమ్మిదేళ్ల వయసులో నాలుగో తరగతిలో, రెండు జడల పాప పక్కన కూర్చున్నాను. సరోజ అక్క శ్రుతి పెట్టి నా వైపు చూసింది.

"సుమ్మా కూచుంటే ఎట్లా దామూ? తాళం వెయ్యి. ఎనిమిది లెక్క. లెక్కలు నీకు చెప్పాల్నా?"

వేశాను. దెబ్బ, మూడు వేళ్లు, దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. క్లాసంతా ఆగిపోయినా నా చెయ్యి ఇంకా ఒకటి కొట్టింది. మళ్లీ వేశాను. మళ్లీ ఒకటి ఎక్కువ.

"అంకుల్," అని పాప నా చెయ్యి పట్టుకుంది. "ఎనిమిది తరవాత ఆగాలి."

నలభైమంది నవ్వారు. సరోజ అక్క కూడా నవ్వింది. శుక్రవారం తరవాత అదే మొదటి నవ్వు. అది చూసి నేను మూడోసారి కూడా తప్పు వేశాను. కావాలని కాదు లెండి, నిజంగానే రాలేదు.

కనుక పాఠకులారా, నాలుగో గడి మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. కారణం చదవకుండా ఇకమీదట చీటీలే కాదు, చీమలు కూడా లెక్కపెట్టను. బాగా గుర్తుండాలని ఈ మాట నిన్న సరోజ అక్క ముందు గట్టిగా ఎనిమిదిసార్లు చెప్పాను.

తొమ్మిదిసార్లు అంటోంది.