గుడ్డ మంచిదే

గత మంగళవారం తెల్లవారుజామున ఐదూ నలభైకి నరసరావుపేట ఆసుపత్రిలో మా పిన్ని చనిపోయింది. వయసు యాభై ఎనిమిది. గుండె ఆగిపోయిందని కాగితంలో రాశారు. ఆ సమయంలో పక్కన ఉన్నది ఆమె దగ్గర కుట్టు నేర్చుకున్న పెద్ద శిష్యురాలు ఒక్కతే. నేను గుంటూరు నుంచి వెళ్లేసరికి ఏడున్నర అయింది.

వినుకొండలో స్టేషన్‌కి వెళ్లే దారిలో ఒక సందులో పిన్ని పద్దెనిమిదేళ్లు కుట్టు సెంటర్ నడిపింది. అన్నేళ్లలోనూ ఎవరినీ మెచ్చుకోలేదు. ఈ మాట ఊరికే అనడం లేదు. ఈ వారం ఆమె పాత విద్యార్థినుల్లో నలుగురిని అడిగాను. ముగ్గురు లేదన్నారు. నాలుగో ఆవిడ కాసేపు ఆలోచించి, "ఒకసారి నా జాకెట్టు చూసి ఏమీ అనకుండా పక్కన పెట్టారండి. ఇంటికెళ్లి మా ఆయనకి చెప్పుకున్నాను" అంది.

మిగతా రోజుల్లో ఏమనేదో నాకూ తెలుసు. ఇంటర్ రెండేళ్లు ఆమె ఇంట్లో ఉండి చదువుకున్నాను. సాయంత్రాలు నా చేత కాజాలు కుట్టించేది. వంకర పోతే బ్లేడు ముక్క చేతిలో పెట్టి "విప్పు" అనేది. అంతకు మించి మాట్లాడితే అది తిట్టే. "ఈ చంక చూడు, గేదె దూరేట్టుంది." "ఈ చెయ్యి ఎవరికమ్మా, దిష్టిబొమ్మకా?" ఆడపిల్లలు ఏడ్చేవాళ్లు. ఏడుస్తూనే విప్పేవాళ్లు. కళ్లు తుడుచుకోవడానికి కుడుతున్న గుడ్డ వాడితే దానికి ఇంకో తిట్టు.

కొలతకని పాత జాకెట్టు తెచ్చి ఇస్తే తీసుకునేది కాదు. ఊళ్లో దర్జీలందరూ ఆది జాకెట్టు పెట్టుకునే కోస్తారు. పిన్ని మాత్రం టేపు తీసుకుని మనిషిని నిలబెట్టేది. "ఆది జాకెట్టులో పాత ఒళ్లుంటుంది. నేను ఇప్పటి ఒంటికి కుట్టాలి" అనేది. నేను విలేకరినయ్యాక ఈ మాట చాలాసార్లు పనికొచ్చింది. అవసరమైన ఒక్కసారి మాత్రం గుర్తు రాలేదు. ఇక్కడ రాయవలసింది ఆ ఒక్కసారి గురించే.

రెండేళ్ల కిందటి మాట. అప్పటికే రెడీమేడ్ నైటీలు, టీషర్టులు వచ్చి సెంటర్‌లో ఏడుగురు మిగిలారు. ఆ ఏడుగురికీ పని ఉండేది ఊళ్లో ఒక ప్రైవేటు స్కూలు యూనిఫాంల వల్ల. ఆ ఏడాది స్కూలు కరస్పాండెంటు పిన్నిని పిలిపించి, ఆటల పోటీలకి నలభై ఎర్ర టీషర్టులు కావాలన్నాడు. కుట్టగలిగితే యూనిఫాంలు కూడా ఆమె దగ్గరే ఉంటాయి. కుట్టలేకపోతే మొత్తం రెడీమేడ్ వాళ్లకి ఇచ్చేస్తారు. పిన్ని అంతకు ముందు బనియన్ గుడ్డ మీద ఒక్క కుట్టు కూడా వేయలేదు. "కుడతాను" అని చెప్పి ఇంటికొచ్చి నాకు ఫోన్ చేసింది.

"ఒరేయ్, బనియన్ గుడ్డ కుట్టడం ఎవరు నేర్పుతారు?"

గుంటూరులో ఇద్దరు ముగ్గురిని అడిగాను. కంపెనీల్లో కుట్టే వాళ్లున్నారు గానీ నేర్పే వాళ్లు లేరు. చివరికి ఇంటర్నెట్‌లో ఒక విదేశీ ఆవిడ టీషర్టులు కుట్టడం పాఠాలుగా నేర్పుతోందని తెలిసింది. పది పాఠాలు. ప్రతి పాఠానికీ ఒక చిన్న వీడియో, కొన్ని బొమ్మలు, కింద ప్రశ్నలు అడగడానికి చోటు.

వినుకొండ బస్టాండు ఎదురుగా మేడ మీద నెట్ సెంటర్ ఉండేది. ప్లైవుడ్ గదుల్లో పరీక్షా ఫలితాల కోసం వచ్చిన కుర్రాళ్లు, మధ్యలో మా పిన్ని, ఒళ్లో పొడవాటి నోట్‌బుక్, మెడలో టేపు. మొదటి రోజు నేను పక్కనే ఉన్నాను. నెట్ సెంటర్ ఆయన వచ్చి, "అమ్మా, ఆ టేపు తీసేయండి, నవ్వుతున్నారు" అన్నాడు.

"నవ్వనీ. వాళ్లలో సగం మంది పాంట్లు నేనే పొట్టి చేశాను."

మొదటి రెండు పాఠాలు నేను తెలుగులో చెప్పాను. మూడోసారి వద్దంది. "ఆవిడకి నోరెక్కువ. చేతులు చూస్తే సరిపోతుంది." హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టేసింది. వీడియో ఆగి ఆగి వచ్చేది. ఆగినప్పుడల్లా చేతులు ఏ భంగిమలో ఉన్నాయో నోట్‌బుక్‌లో గీసుకునేది. కరెంటు పోతే మెట్ల మీద కూర్చుని, వచ్చాక మళ్లీ మొదటి నుంచి చూసేది.

ఆ పాఠాలతో ఆమె పోట్లాడింది. టీషర్టు మెడకి వేసే పట్టీని మెడ చుట్టుకొలత కంటే చిన్నగా కోయమంది విదేశీ ఆవిడ. "మెడ కంటే పట్టీ చిన్నదా? ఈవిడకి లెక్కలు రావు" అంది పిన్ని. తన లెక్కన సమానంగా కోసి కుట్టింది. పట్టీ వదులుగా లేచి నిలబడింది. విప్పింది. చిన్నది కోసి, లాగి పట్టుకుని కుట్టింది. మెడకి అతుక్కున్నట్టు కూర్చుంది. కాసేపు దాన్నే చూసి, "లెక్కలు వస్తాయి" అంది. ఇంకొకరి పనికి ఆమె ఒప్పుకోవడం నేను విన్నది అప్పుడే.

ఆమె మిషన్ పాతది, నేరు కుట్టు తప్ప వేయదు. బనియన్ గుడ్డ సాగినప్పుడు ఆ కుట్టు తెగిపోతుంది. ఆ ప్రశ్న నా చేత ఇంగ్లీషులో రాయించింది. మూడు రోజులకి జవాబొచ్చింది: గుడ్డని కొంచెం సాగదీసి పట్టుకుని కుట్టండి. "నిన్నటి నుంచి అదే చేస్తున్నాను. ఆలస్యమైనా చెప్పింది, మంచిదే" అంది.

గుడ్డ కోసం గుంటూరు వచ్చినప్పుడు నేనూ వెంట వెళ్లాను. హోల్‌సేల్ కొట్టులో మూడు తానులు వెనక్కి పంపింది. అంచు పట్టుకుని లాగేది, వదిలేది, గుడ్డ వెనక్కి వచ్చిందో లేదో చూసేది. కొట్టు ఆయన విసుక్కుని, "ఏంటమ్మా, గుడ్డకి ఎక్సర్‌సైజులా?" అన్నాడు. "నీ గుడ్డ లాగితే వెనక్కి రావడం లేదు. నీ లాగే ఉంది, లేవమంటే లేవదు" అంది. నాలుగో తాను తీసుకుంది. ఇది నేను కళ్లారా చూశాను.

నాలుగో పాఠంలో విదేశీ ఆవిడ చెప్పింది ఇది: గుడ్డ ఉతికి ఆరాక, కోయడానికి ముందు, అంచులు వేలాడకుండా ఒక పగలూ రాత్రీ చదునైన చోట పరిచి ఉంచాలి. తానులో చుట్టినప్పుడు సాగిన గుడ్డ అప్పుడు అసలు కొలతకి వస్తుంది.

"మనిషికి లేదు గానీ గుడ్డకి నిద్రట" అంది పిన్ని. కానీ పాటించింది.

సెంటర్‌లో పరిచే చోటు లేదు. పెద్ద శిష్యురాలి ఇంటి మేడ పెద్దది. ఫిబ్రవరి నెల. వాళ్ల మిరపకాయలు మేడ మీదే ఆరబోశారు. ఆ ఉదయమే టిక్కీ బస్తాలకెత్తి గుంటూరు మిర్చి యార్డుకి పంపారు. గచ్చు ఖాళీ. పిన్ని దగ్గరుండి మూడుసార్లు ఊడ్పించి, నీళ్లతో కడిగించి, ఆరాక దుప్పట్లు పరిచి, వాటి మీద గుడ్డ పరిపించింది. చుట్టుపక్కల మేడల మీద ఇంకా కాయలున్నాయి. ఆ రోజంతా వాటిని తిరగేస్తూనే ఉన్నారు. గాలి వీస్తూనే ఉంది. ఎర్రటి గుడ్డ మీద ఎర్రటి దుమ్ము కనపడలేదు.

కోసేటప్పుడు ఏడుగురూ తుమ్మారు. ఇస్త్రీ చేసేటప్పుడు దగ్గారు. పవిటలు ముక్కుకి కట్టుకుని పని చేసుకున్నారు. ఎవరూ ఏమీ అనుకోలేదు. ఆ నెలలో మా వైపు తుమ్మని ఇల్లు ఉండదు. కాయ తొడిమలు తీసిన చేతులకి మంట తెలియదు. వేరే ఊరి దర్జీ ఎవరైనా ఆగి ఎందుకని చూసేవాడు.

నలభై టీషర్టులూ చెప్పిన రోజుకి అందాయి. అంతకు ముందు వారమే నేను జిల్లా పేజీలో రాశాను, యాభై ఆరేళ్ల దర్జీ ఇంటర్నెట్‌లో పాఠాలు నేర్చుకుంటోందని. అందువల్ల ఆటల పోటీలకి నన్నూ పిలిచారు.

పదింటికి పిల్లలు ఎండలో కవాతు మొదలుపెట్టారు. పదిన్నరకి వరసలు చెదిరాయి. పిల్లలు మెడలు గోక్కుంటున్నారు, వీపులు గోడకి రుద్దుకుంటున్నారు. చెమట పట్టిన చోటల్లా మంట. ఒక పాప కళ్లు నులుముకుంది. ఆ కళ్లు రెండు రోజులు వాచిపోయి ఉన్నాయి. పంపు దగ్గర తొక్కిసలాట. డాక్టరు వచ్చి ఎలర్జీ అన్నాడు. కరస్పాండెంటు నాతో, "నాసిరకం గుడ్డండి, ఇంకేముంది" అన్నాడు. పిన్ని గేటు దగ్గర నిలబడి ఉంది. నేను ఆమె దగ్గరికి వెళ్లి అడగలేదు. బంధువునని పక్షపాతం చూపించానంటారని నా ఆలోచన. మర్నాడు మూడు కాలమ్‌ల వార్త నాదే: నాసిరకం టీషర్టులు, విద్యార్థులకు మంటలు.

ఆ ఉదయం ఒక తండ్రి టీషర్టు తెచ్చి సెంటర్ గుమ్మంలో విసిరాడు. "మా పిల్లకి ఒళ్లంతా కారం రాసినట్టయింది. నీ ఇంటర్నెట్టు చదువు తగలెయ్య." ఆయన నోటి నుంచి వచ్చిన మాటే కారణం. కానీ అది ఆయనకీ తెలియలేదు, నాకూ తెలియలేదు. తెలిసింది పిన్నికి.

తొమ్మిది రోజులకి పిన్ని దగ్గరికి వెళ్లాను. కాఫీ ఇవ్వలేదు. ఆమె మోచేతి పైన ఎర్రగా కందిపోయిన పట్టీ ఉంది. ఆ టీషర్టు చెయ్యి కత్తిరించి తన చేతికి తొడుక్కుని మధ్యాహ్నమంతా ఎండలో కూర్చుందట. ఆ ముక్క నా ముందు పెట్టింది.

"నాలుక పెట్టు."

పెట్టాను.

"ఏంటి?"

"కారం."

"గుడ్డ కారంగా ఉంటుందా?"

"ఉండదు."

"మరి నాసిరకమని ఎలా రాశావు? నాలుకతో చూశావా?"

"కరస్పాండెంట్ గారు అన్నారు పిన్నీ."

"ఆయన నాలుకతో చూశాడా?"

నేను ఆ ముక్క ఆమె ముందు పెట్టేశాను.

"గుంటూరు జిల్లా విలేకరివి. కారం పోల్చుకోలేకపోయావు." ఆ ముక్క మడత పెట్టి పక్కన పెట్టింది. "తప్పు నాదే. మిరప ఆరిన మేడ మీద గుడ్డ పరిచాను, పిల్లల ఒళ్లు మండింది. అలాగే రాయి, నేను పడతాను. గుడ్డ మంచిదే. నాసిరకం గుడ్డ కొన్నానన్న మాట మాత్రం తీసెయ్. మేడ ఎవరిదో రాయకు."

రాసి మా పేపర్ డెస్క్‌కి పంపాను. "స్కూలు వాళ్లు అడిగారా?" అన్నారు. లేదు, దర్జీ అడిగిందన్నాను. "పాత వార్త, వదిలెయ్" అన్నారు. వదిలేశాను. పిన్నికి మాత్రం వేస్తారని చెప్పాను. రెండోసారి డెస్క్‌ని అడగలేదు. నెల రోజులు ఆమె నెట్ సెంటర్‌కి వెళ్లి, పాఠం తెరిచే ముందు అక్కడి పేపర్లో జిల్లా పేజీ చూసేదని తర్వాత తెలిసింది.

యూనిఫాంలు రెడీమేడ్ వాళ్లకి వెళ్లాయి. ఏడుగురిలో ఐదుగురు మానేశారు. పిన్ని మిగిలిన పాఠాలు వదలలేదు, పదీ పూర్తి చేసింది. అదే తానులో మిగిలిన గుడ్డని ఏడుసార్లు ఉతికి, మంచం మీద పరిచి, నాకొక టీషర్టు కుట్టింది. కొలతలు అడగలేదు, నిలబెట్టి టేపు పెట్టింది.

"వేసుకో. మండితే రాయి."

రెండు వేసవులు వేసుకున్నాను. మండలేదు. కుట్టు తెగలేదు, రంగు పోలేదు, మెడ వదులు కాలేదు. రాయలేదు. ఆ తర్వాత మేం కలిసినప్పుడు ఆమె ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అన్నం పెట్టేది, ఉద్యోగం గురించి అడిగేది. నా వార్తలు చదువుతున్నావా అని ఒకసారి అడిగితే, "కళ్లు కనపడటం లేదు" అంది. ఆ వారం సూదిలో దారం తనే ఎక్కించుకుంటోంది.

బుధవారం ఈ వ్యాసం మొదలుపెట్టే ముందు పెద్ద శిష్యురాలిని అడిగాను. మేడ సంగతి రాస్తే ఆమె ఇల్లని ఊళ్లో తెలిసిపోతుంది.

"రాయండి అన్నయ్య గారూ. టీచర్ నాకు అప్పుడే చెప్పింది. చెప్పి, చీపురు పట్టడం కూడా రాదని తిట్టింది." మళ్లీ తనే, "మీరు రాస్తారని చాలా రోజులు చూసింది" అంది.

సవరణ మళ్లీ పంపాను. రెండు వాక్యాలు: ఆ టీషర్టుల గుడ్డ నాసిరకం కాదు, మిరప దుమ్ము పట్టడం వల్ల పిల్లలకు మంటలు పుట్టాయి. ఈ వ్యాసం వచ్చే ఆదివారం పేజీలో నేను ఏం రాసినా అది సవరణ కాదు. వార్త జిల్లా పేజీలో వచ్చింది. వచ్చే శుక్రవారం అందులోనే వేస్తామని డెస్క్ ఒప్పుకుంది. శుక్రవారమే పెద్దకర్మ, ఉదయం పదకొండింటికి, ఆమె ఇంటి ముందు. వినుకొండ పేపర్ కట్టలు ఐదుంబావుకి బస్టాండులో దిగుతాయి. ఆ వేళకి వెళ్లి నిలబడతానని పెద్ద శిష్యురాలు చెప్పింది. ఆ రోజు జిల్లా పేజీకి ఒక నగల కొట్టు పూర్తి పేజీ ప్రకటన అడుగుతోందట. అది ఖాయమైతే సవరణ శనివారం వస్తుంది.