జోడు కేబుల్

పరకాల దగ్గరి పల్లెలో వ్యవసాయ మోటార్లు బాగుచేసుకుని బతికిన ఎల్లస్వామి, వరంగల్ వచ్చి ఒక ఇంజనీరింగు కాలేజీలో దినకూలీ వైర్‌మన్‌గా కుదిరాడు. ఏడేళ్లయినా పర్మనెంటు కాలేదు. తరగతిలో ఫ్యాను ఆగితే ఎల్లస్వామి, ప్రిన్సిపాల్ ఇంట్లో కాలింగ్ బెల్ మోగకపోతే ఎల్లస్వామి. ఆర్డరు మాట వచ్చేసరికి మాత్రం ఆ ఎల్లస్వామి ఎవరో ఎవరికీ గుర్తుండేది కాదు!

ఎనభై ఆరులో కాలేజీకి కంప్యూటరు వచ్చింది. ఒక గదిలో కంప్యూటరు, పక్క గదిలో సమాచారమంతా దాచే డిస్కు పెట్టె, ఒక్కొక్కటీ బీరువా అంత. రెంటినీ కలిపే కేబుల్ పోయిందా, అంత పెద్ద యంత్రమూ ఎందుకూ కొరగాదు. అందుకే ఆ సెంటరు చూసే కిషన్ రావు సారు, ఒకటి పాడైతే రెండోది ఆదుకునేలా రెండు కేబుళ్లు వేయించాలనుకున్నాడు. ఎల్లస్వామిని పిలిచి, “జోడు కేబుల్ వెయ్యాలె” అన్నాడు. ఎందుకో చెప్పలేదు. వైర్‌మన్‌కు అదంతా చెప్పడమేమిటి, ఆయన హోదా ఏం కావాలి?

ఎల్లస్వామికి తెలిసిన జోడంటే కాడికి కట్టిన ఎడ్లు. పక్కపక్కన ఉంటేనే అది జోడు. ఆ గదుల్లో చెక్క పలకలు పరిచిన నేల కింద ఒకే కాలువలో రెండు కేబుళ్లనూ పరిచి, జానెడుకొకచోట దారంతో కట్టాడు. రెండింటి జాయింట్లూ ఒకే గుంటలో ముచ్చటగా కుదిర్చాడు. సారు ఒక కేబుల్ పీకి చూశాడు, డిస్కు నడిచింది. అది పెట్టి రెండోది పీకాడు, అప్పుడూ నడిచింది. శాబాష్ అని భుజం తట్టాడే గాని, పలక లేపి కిందికి చూడలేదు.

మరుసటేడు, పరీక్షల మార్కులు కంప్యూటరుకెక్కిస్తున్న రోజున, గదులు తుడిచే సమ్మమ్మ చేతిలోని బకెట్ జారి ఒరిగిపోయింది. నీళ్లు పలకల సందుల్లోంచి గుంటలోకి దిగాయి. రెండు జాయింట్లూ ఒక్కసారే మునిగాయి. మార్కులు రాసుకుంటున్న డిస్కుకు మధ్యలోనే కనెక్షన్ తెగి అంతా కలగాపులగమైంది. ఫలితాలు మూడు వారాలు వెనక్కిపోయాయి. పిల్లలు గేటు ముందు ధర్నాకు కూర్చున్నారు.

ఎల్లస్వామి పలక లేపి చూశాడు. ఒక కేబుల్ ఈ గోడ వెంట, ఇంకోటి ఆ గోడ వెంట వేసి ఉంటే సమ్మమ్మ పది బకెట్లు ఒంపినా ఏమీ అయ్యేది కాదు. జోడంటే సారు మనసులో ఏముందో ఆ క్షణాన తెలిసింది. తెల్లారి సారు దగ్గరికి పోయి, తప్పు తనదేనని చెప్పేశాడు.

కిషన్ రావు లేచి గది తలుపు మూశాడు. పలక లేపి చూడని తప్పు తనది కూడా కదా, అది ఆయనకూ తెలుసు.

“సమ్మమ్మ పేరు రాసి రిపోర్టు పంపిన. నీ పర్మనెంటు ఆర్డరు ప్రిన్సిపాల్ బల్ల మీద ఉన్నది. నోరు మూసుకోని ఉండు” అన్నాడు.

మూసుకున్నాడు ఎల్లస్వామి. ఇంటికెళ్లి భార్య చిలుకమ్మకు కూడా చెప్పలేదు. తన మీద తనకే అసహ్యమేసింది. ఆ వారమే సమ్మమ్మను తీసేశారు. తర్వాతి వారం అతని ఆర్డరొచ్చింది.

ఆర్డరొచ్చిన మర్నాడు గేటు బయట సమ్మమ్మ నిలబడి ఉంది. అతని కోసమే పొద్దుటి నుంచీ కాచుకుందట. ముఖంలో కోపం లేదు, ఉంటే బాగుండుననిపించింది అతనికి.

“పర్మనెంటు అయినవట గదా తమ్మీ, సంబురమైంది. సారు నీ మాట ఇంటడు. ఒక్క బకెట్ నీళ్లకు అంత పెద్ద మిషన్ ఎట్ల ఆగిందో జర అడుగు. నేనడిగితె ఎవ్వలు చెప్తలేరు.”

“అడుగుత అక్కా” అన్నాడు ఎల్లస్వామి.

రిటైరయ్యేదాకా అడగలేదు.