అమీను గారి ఒంట్లో రాజావారు

కూర్మనాథం పంతులుగారికి ఆకలి వెయ్యదు. వేస్తే రాజావారికే వేస్తుంది. ఉద్దానం తీరాన తమ తరఫున పెత్తనం చెయ్యమని రాజావారు ఆయన్ని అమీనుగా వేసిన రోజు నుంచీ తన ఒళ్లు తనది కాదని, అచ్చంగా ప్రభువులదేనని ఆయన నిశ్చయం.

"గున్నయ్యా, ప్రభువులకి వీపు దురదగా ఉందిరా" అనేవారు. బంట్రోతు గున్నయ్య మొదట్లో దండం పెట్టి మరీ గోకేవాడు. పోనుపోను దండం మానేసి గోకుడు మాత్రం మిగిల్చాడు.

ఒకసారి పూండి స్టేషన్లో పంతులుగారు రైలు దిగుతూ జారి బురదలో కూలబడ్డారు. "ప్రభువులు పడ్డారు!" అని కేక వేశారు. స్టేషనంతా పరుగెత్తుకొచ్చి రాజావారి కోసం వెతికింది.

ఇంట్లో భార్య కామేశ్వరమ్మ దగ్గర మాత్రం ఈ ఆట సాగేది కాదు. "ప్రభువులకి ఉప్పు చాలలేదు" అంటే, "కోటకెళ్లి భోంచెయ్యమనండి" అనేది.

ఆ ఏడు గాలివానకి జాలరి తవిటయ్య తెప్ప ముక్కలైంది. అతను ఎస్టేటు తోపులో చెప్పకుండా ఓ మాను నరికి కొత్త తెప్ప కట్టుకున్నాడు. మాను పోయిందని కోటకి కబురంపింది గున్నయ్యే. దివాను గారు మర్నాడే వస్తున్నారని తెలిసి తవిటయ్య పెళ్లాం ఎర్రమ్మ పంతులుగారి ఠాణా ముందు కూలబడింది.

"తెప్ప లాగీసుకుంటే పిల్లలికి ఏటెట్టాల బాబూ?"

గున్నయ్య తల ఎత్తలేకపోయాడు. నోరు కట్టేసుకుని ఊరుకుంటే ఏం పోయేదని తనని తనే తిట్టుకున్నాడు. పంతులుగారు గొడ్డలి తెమ్మని తోపుకి నడిచారు. మిగిలిన మొద్దు మీద ఒక్క వేటు వేసి, ఆయాసపడుతూ తిరిగొచ్చారు.

మర్నాడు దివాను గారు తోపులో నిలబడి గర్జించారు. "ఈ మాను ఎవడు నరికాడు?"

"ప్రభువులు."

"ఏ ప్రభువులు?"

"మన ప్రభువులేనండి. నిన్న ఈ చేత్తోనే వేటు వేశారు. తెప్ప కట్టుకోమని తవిటయ్యకి దయచేశారు. అనుమానమైతే వారినే అడగండి."

మానెందుకు నరికారని రాజావారిని అడిగే గుండె దివానుకి లేదు. ఇచ్చింది లాక్కున్నారన్న మాట కోటకి అంటగట్టే ధైర్యం అంతకన్నా లేదు. "మీ ఉద్యోగం సంగతి ఆలోచించుకోండి" అని పళ్లు కొరుక్కుంటూ పల్లకీ ఎక్కారు.

పల్లకీ కనుమరుగయ్యాక పంతులుగారు అక్కడే కూర్చుండిపోయారు.

"బాబూ, ప్రభువులికి సేతులు వణుకుతన్నాయి" అన్నాడు గున్నయ్య.

"ప్రభువులకెందుకు వణుకుతాయిరా!" అని కసురుకున్నారాయన. "ఇవి నా చేతులు."