పానాతో కొట్టి చూసే గిడ్డయ్య

ఓర్వకల్లు దాటాక నంద్యాల రోడ్డు పక్కన ఉన్న రేకుల షెడ్డు గిడ్డయ్యది. ఇంజిన్ రిపేరు చేయడు, పంక్చరు వేయడు. ఇంజిన్ వదిలే పొగనంతా ఒకచోట చేర్చి సైలెన్సరుకు అందించే ఇనుప మానిఫోల్డు ఉంటుంది చూడండి, దాని తుప్పు వదిలించి, వేడికి తట్టుకునే వెండిరంగు పూయడం ఒక్కటే అతని పని. "ఒక్క పనితో ఎట్ల బతుకుతావన్నా?" అని అడిగితే, "నువ్వు ఒక్క జీపుతో బతుకుతాండ్లా?" అని నా నోరు మూయించాడు. నేను ఓబుళేశుని. అహోబిలానికి భక్తులను తిప్పే జీపు నాది.

గిడ్డయ్య నోటికి జడవని డ్రైవరు లేడు. అయినా అతని దగ్గరికే వెళ్ళేవాళ్ళం. కిరసనాయిలుతో నానబెట్టి, తీగల బ్రష్షుతో ఇనుము తెల్లబడేదాకా రుద్దేవాడు. ఆ తర్వాత ముక్కను తాడుకు వేలాడదీసి పానాతో ఒక్క దెబ్బ వేసేవాడు. ఖంగుమంటే మంచిది. బొంగురుగా మోగితే ఎక్కడో పగులుంది. పగులు మీద రంగు పూస్తే కంటికి కనబడదు కానీ, పొగ బండిలోకి వచ్చి కూర్చున్నవాళ్ళ ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే, "నా చెవి ఒప్పుకుంటేనే రంగు" అనేవాడు.

రెండువేల ఐదులో అతనికి కొత్త కోపం పట్టుకుంది. రుద్ది శుభ్రం చేసిన మానిఫోల్డులను కొందరు, కొత్తవి కొనుక్కుంటామంటూ వెనక్కి తీసుకుపోతున్నారు. "దుడ్లు ఎక్కువైనాయప్పా జనాలకు! గంట మాదిరి పలికే ఇనుమును పాత సామాన్లోకి ఏస్తాండారు!" అని రోడ్డు అవతలికి వినబడేలా అరిచేవాడు. కోపం కొద్దీ గొంతు పెరిగిందనుకున్నాను.

ఆ శ్రావణంలో ఒకరోజు, మర్నాడు పదిమంది ముసలివాళ్ళను అహోబిలం తీసుకెళ్ళాలని జీపు మానిఫోల్డు విప్పించి అతనికిచ్చాను. నేను ఊళ్ళో పనులు చూసుకుని వచ్చేసరికి రుద్దడం, కొట్టి చూడడం అయిపోయాయి. "శానా బాగుండాది. బువ్వ తిని వచ్చి పూస్తా" అంటూ షెడ్డు వెనకున్న ఇంట్లోకి వెళ్ళాడు.

అతను అటు వెళ్ళగానే భార్య హంపమ్మ చీపురు పట్టుకుని ఇటు వచ్చింది. చీపురు గోడకు ఆనించి, పానా తీసుకుని, వేలాడుతున్న నా మానిఫోల్డును కొట్టింది. బొంగురుగా మోగింది.

"పగిలిండాది ఓబుళేశూ. ఆయప్పకు చెప్పొద్దు. కొత్తది కొనుక్కుంటానని చెప్పి తీసకపో."

"అదేంది వదినా, అన్న బాగుండాదన్నాడే?"

"మీ అన్నకు చెవులు పోయి ఏడాదైతాండాది. మన మూతులు చూసి మాట అందుకుంటాండాడు. నాకు తెలీదనుకుంటాండాడు. ఈ దెబ్బ కొట్టేది మాన్పిస్తే ఆయప్ప మనిషి మాదిరి ఉండడప్పా."

ఏడాదిగా కొత్తవి కొనుక్కుంటామన్న వాళ్ళందరినీ పంపింది ఈమే.

"కావాల్నంటే ఇంగోసారి విను" అని మళ్ళీ కొట్టింది. చుట్ట మరిచిపోయి వెనక్కి వచ్చిన గిడ్డయ్య అప్పటికే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. దెబ్బ పడడం చూశాడు. చప్పుడు మాత్రం అతన్ని చేరలేదు. ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. ఇక తిట్లు మొదలనుకున్నాను. హంపమ్మా అదే అనుకుందేమో, చేతి మసి కొంగుకు తుడుచుకుంటూ ఉండిపోయింది.

"అందర్నీ నువ్వే పంపిచ్చినావా?" అని అడిగాడు. ఆ ఏడాదిలో అతను అంత మెల్లగా మాట్లాడడం అదే మొదలు.

ఆమె అవునన్నట్టు తలాడించింది.

గిడ్డయ్య దగ్గరికి వచ్చి, ఆమె చేతిలోని పానా తీసుకుని, తనే ఒక దెబ్బ వేశాడు. ఇనుము వైపు చూడనే లేదు. హంపమ్మ ముఖంలోకి చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పగులుండాదప్పా. వెల్డింగుకు తీసకపో. నిలబడి ఏం చూస్తాండావు?" అని ఎప్పట్లాగే నా మీద కసిరాడు.

కర్నూలులో అతికించుకుని సాయంత్రం తిరిగి వచ్చాను. షెడ్డులో తన పీటకు ఎదురుగా, హంపమ్మ కోసం ఇంకో పీట వేసి ఉంచాడు.