ప్రింటర్‌లో ఇరుక్కున్న పట్టా

2023లో దసరా వెళ్లిన వారానికి, ఒక ఉదయం తొమ్మిదిన్నర. నందికొట్కూరులో నేను ప్రింటర్లు, ల్యాప్‌టాప్‌లు బాగుచేసే కొట్టు పెట్టి అప్పటికి మూడేళ్లు. పన్నెండు కిలోమీటర్ల అవతలి పల్లె నుంచి సునీతక్క ఫోన్ చేసింది. ఇంట్లో పిల్లలకు ట్యూషన్ చెబుతుంది. పాఠాల షీట్ల కోసం జిరాక్సు కూడా తీసే ఇంక్‌జెట్ ప్రింటర్ కొనుక్కుంది.

"మా మామ పొలం పట్టా ప్రింటర్‌లో ఇరుక్కునింది. పదకొండుకు సర్వే వాళ్లు చేను కాడికి వస్తాండారు, ఒరిజినల్ చూపియ్యాల. తొందరగా రాప్పా."

"స్విచ్ ఆపి ప్లగ్ పీకేయక్కా. కాగితాన్ని మాత్రం లాగొద్దు."

"మామ ఒకసారి లాగేసినాడు," అంది.

నేను చేరేసరికి పది కావస్తోంది. ఆమె మామ యేసురత్నం తాత ప్రింటర్ ముందు కింద కూర్చుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. భూమి లేని పేదలకు ప్రభుత్వం ఇచ్చే డీకేటీ పట్టా అది. ఆయన తండ్రి పేరు మీద రెండెకరాలు. ఇంకో నకలు ఇంట్లో లేదు. దాన్ని జిరాక్సు తీసి పెట్టుకుందామనే ఆ ఉదయం ప్రింటర్ దగ్గర కూర్చున్నారు.

"ఎట్లా జరిగింది తాతా?"

ఆయన బదులు సునీతక్కే చెప్పింది. "నేను కొళాయి కాడికి పోతా, కాగితం ఎనక పెట్టి నల్ల బటన్ నొక్కు మామా అంటి. పట్టా అద్దం మీద పెడతాడు, ఎనక తెల్ల కాగితం పెడతాడు అనుకుంటి. నేను చేసేది దినామూ చూస్తానే ఉంటాడు గదా!"

"కాగితం అంటివి గదమ్మా," అన్నాడు తాత నేల చూస్తూ. "మన ఇంట్లో కాగితమంటే అదొక్కటే."

వెనక ఉండేది రియర్ ట్రే. ఖాళీ కాగితాన్ని లోపలికి తీసుకునే చోటు; నకలు తీయాల్సింది పెట్టేది మూత కింది అద్దం మీద. అందులో ఆయన పట్టా పెట్టాడు. అది సగం లోపలికి పోయింది. క్యారేజ్, అంటే ఇంకు చల్లుతూ అటూ ఇటూ తిరిగే పెట్టె, ప్రింటర్ లోపలి గోడకు దభీమని కొట్టుకుని వెనక్కి వచ్చి, సరిగ్గా పట్టా నడుమ ఆగింది. పైఅంచు అంగుళం మేర చిరిగింది. నాలుగు మడతల పాత కాగితం. సర్వే నంబరు నడిమి మడత మీదే ఉంది, క్యారేజ్ కింద.

వెనక్కి లాగితే రోలర్లు మడత దగ్గర తుంచేస్తాయి. క్యారేజ్‌ను ఊరికే పక్కకు తోస్తే దాని అంచు లేచిన మడతను గీరేస్తుంది. పలుచని ప్లాస్టిక్ షీటు ఒక ముక్క కత్తిరించి, క్యారేజ్‌కూ కాగితానికీ మధ్య మెల్లగా జొనిపాను. మూడుసార్లు మడతకు తగిలి ఆగింది. నాలుగోసారి దూరింది.

"టైం ఎంతయిందమ్మా?" అన్నాడు తాత.

"పదీ పది. నువ్వు ఊరికే ఉండు మామా, ఆయప్ప చెయ్యి వణుకుతాది."

టార్చి వెలుగులో క్యారేజ్‌ను అంగుళం అంగుళంగా జరుపుతూ ఎన్‌కోడర్ స్ట్రిప్ చూశాను. అది క్యారేజ్ వెనక అడ్డంగా కట్టి ఉండే పారదర్శకమైన పట్టీ. దాని మీది సన్నని గీతలు లెక్కపెట్టుకుంటూ క్యారేజ్ తాను ఎక్కడున్నదీ తెలుసుకుంటుంది. గీతలు కనబడకపోతే లెక్క తప్పి గోడకు కొట్టుకుంటుంది. ఆ పట్టీ మీద వేలెడు మేర ఎర్రటి మరక. కుంకుమ.

ఈ ఇంట్లో ఎవరూ బొట్టు పెట్టుకోరు. గుమ్మం పైన సిలువ ఉంది.

ఆయుధ పూజ రోజు ఈ ప్రింటర్ నా బల్ల మీదే ఉంది, వేస్ట్ ఇంకు పీల్చే ప్యాడ్ మార్చడం కోసం మూత తీసి. కొట్టులోని స్క్రూడ్రైవర్లతో పాటు ప్రతి మిషన్‌కూ నేనే బొట్టు పెట్టాను. ఈ ఇంటివాళ్లకు నచ్చదని, ఇచ్చే ముందు మూత మీది బొట్టు తుడిచాను. లోపల రాలింది చూడలేదు. క్యారేజ్ జారే రాడ్ గ్రీజుకు అంటుకున్న పొడి రోజూ కొంచెం కొంచెం పట్టీ మీదికి చేరింది.

క్యారేజ్ పక్కకు చేరింది. రోలర్ గేరును వేలితో ముందుకు ఒక్కో పన్ను తిప్పాను. చిరుగు పెరగలేదు. మడత బయటపడింది. నంబరు, సంతకం, ముద్ర, తరువాత మిగతాదంతా. ఖాళీ అంచు మీద ఒక నల్లటి గీత, అంతే.

తాత దాన్ని అరచేతుల్లోకి తీసుకున్నాడు. "మా నాయన యాభై ఏండ్లు కాపాడినాడు. నేను ఒక్క పొద్దుటికే చెడగొడితిని గదప్పా."

జేబులోని గుడ్డతో ఆ మరక తుడిచేస్తే పని అయిపోయేది. ఎవరూ అడగరు. ఆ మాట నిజంగానే మనసులోకి వచ్చింది.

"తాతా, తప్పు నీది కాదు," అన్నాను. "అద్దం మీద ఏమీ లేదు కాబట్టి నువ్వు బటన్ నొక్కినా పట్టా మీద ఏమీ పడదు. ఎట్లా పెట్టావో అట్లాగే ముందరికి వచ్చేసేది. మధ్యలో ఆపింది ఈ మరక. కొట్టులో పూజ చేసి నేనే లోపల కుంకుమ పోశాను."

తాత వంగి పట్టీని చూశాడు, తరువాత నన్ను.

"ఇనుకో సునీతా," అన్నాడు గట్టిగా. "పొద్దున్నుంచి నన్ను తింటాండావు."

"ఇన్నాలే, మామా," అందామె. నా వైపు తిరిగి, "నీ పూజలు నీ మిషన్లకు చేసుకో నాయనా, మావి వదిలెయ్," అంది. నవ్వలేదు.

పట్టీ తుడిచి, పట్టా అద్దం మీద పెట్టి, వెనక తెల్ల కాగితం పెట్టి రెండు కాపీలు తీశాను. పదీ నలభై. తాతను బండి మీద ఎక్కించుకుని చేను దగ్గరికి పోయాను. పట్టా ఆయన చొక్కా లోపల ఉంది. సర్వేకు వచ్చినాయన దాన్ని ఎండలోకి ఎత్తి నంబరు చదివి, చిరుగు చూసి, "ఎలుక కొరికిందా?" అన్నాడు.

"మిషన్ కొరికింది సారూ," అన్నాడు తాత. సర్వే ఆయన నంబరు రాసుకుని, చేను కొలిచే గొలుసు పట్టించాడు.

మిషన్ చెడిపోయిందంటే ఇంట్లో ఎవరో ఏదో చేశారని అనుకోవడం మా పనిలో తొందరగా అలవాటవుతుంది. నేనూ ఆ రోజు ముందు తాతనే అడిగాను, ఎట్లా జరిగిందని. ఇప్పుడు ఆ ప్రశ్న రెండోది. నా పుస్తకంలో ప్రతి మిషన్ పేరు కింద మొదట ఇది రాసుకుంటాను: చివరిసారి దీన్ని విప్పింది ఎవరు? సగం పేజీల్లో నా పేరే ఉంటుంది.