దర్జీ అక్క రాజ్యం

ఆటకి మనుషులు రాకపోతే మా దర్జీ అక్క అనే మాట ఒకటే: “ఉండండే, ఇంకొకలొత్తారు.”

అనకాపల్లిలో ఆ ఆట మొదలుపెట్టింది ఆవిడే. ఆదివారం పూట కశింకోట దగ్గర మామిడి తోటలో చేరి, తలో వేషం వేసుకుని, సాయంత్రం దాకా ఆ మనుషుల్లాగే బతకాలి. చూసేవాళ్ళుండరు, రాసిపెట్టిన మాటలుండవు. అందరి బట్టలూ అక్కే కుట్టేది. మొదట్లో పద్దెనిమిది మందిమి. పెళ్ళిళ్ళయి కొందరు, ఇంట్లోవాళ్ళు నవ్వుతున్నారని కొందరు మానేశారు. ఒక ఆదివారానికి అక్కా నేనూ మిగిలాం.

ఆరోజు అక్క మంత్రి అంగీతోనే రోడ్డు మీదికి పరుగెత్తి, షేర్ ఆటో కోసం నిలబడ్డవాళ్ళని బతిమాలింది. “ఒక్క గంట రండి బాబూ, రాజ్యంలో మనుషుల్లేరు.” అందరూ మొహాలు తిప్పుకున్నారు. చేపలమ్మే ముసలమ్మ ఒకత్తే ఖాళీ తట్ట దించి, “నన్నేటి సెయ్యమంతావు?” అంది.

“రాణివమ్మా!”

ముసలమ్మ చెట్టు కింద కూర్చుని మా తగువు విన్నది. దొంగ వేషంలో ఉన్న నన్ను చూపించి, “ఆకలేసి తీసింది, ఒగ్గేయండి” అని తీర్పు చెప్పింది. అక్క ఏడ్చేసింది. ఇంతలో ఆటో వచ్చింది. “మళ్ళీ వారం వత్తావా అమ్మా?” అంటూ అక్క ఆవిడ చెయ్యి వదల్లేదు. డ్రైవరు విసుక్కుంటే నేనే విడిపించాను.

మరుసటి ఆదివారం నేనూ వెళ్ళలేదు. అక్క ఫోన్ చేస్తుంటే, అది మోగి ఆగేదాకా చూస్తూ కూర్చున్నాను.

నెల తర్వాత జాకెట్టు గుడ్డ పట్టుకుని కొట్టుకి వెళ్ళాను. ఎందుకు రాలేదని అక్క అడగలేదు. టేపు నా భుజం మీద పెట్టి, “సేతులు పొడుగ్గా ఉంచమంతావా?” అంది.